ఆరుద్ర పురుగూ, దాని కంటికి ఆనని చుట్టాలూ

(వానకాలం సాగుకు ముందు జరిగిన మండల స్థాయి రైతు తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు అప్పగించిన అంశం నేలలో పురుగులు, వాటి మీద వాతావరణ ప్రభావం. మద్దతు ధర గురించీ, బ్యాంకు అప్పు గురించీ మాట్లాడే సంఘం పురుగుల గురించి మాట్లాడడమేమిటని కొందరు అప్పుడే గొణుగుతున్నారు. అడగాల్సిన మాటే. జవాబు కౌలు దగ్గరికి వచ్చేసరికి వస్తుంది, అందాకా కాస్త ఓపిక పట్టండి.

ఆరుద్ర పురుగు అందరికీ తెలుసు. మృగశిర పోయి ఆరుద్ర కార్తె వస్తూనే, నాలుగు చినుకులు పడి నేల మెత్తబడగానే, ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కలు నడుస్తున్నట్టు గట్ల మీద, బీళ్లలో కనపడేవి. చిన్నప్పుడు మనమంతా అగ్గిపెట్టెలో గడ్డి పరిచి పెంచిన వాళ్లమే. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుకుంటుంది. అది కనపడితే విత్తనం బయటికి తీసేవాళ్లు పెద్దలు. నేల లోపలికంటా తడిసిందని దాన్ని చూసి లెక్క వేసుకునేవారు.

దాన్ని పురుగు అంటాం గానీ అది అసలు పురుగుల జాతే కాదు. పురుగుకు ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది. సాలీడు, తేలు, పశువులకు పట్టే గోమార్లు, ఇవన్నీ దీని వంశం. నల్లుల జాతిలో ఇంత పెద్దది ఇంకొకటి లేదంటారు. నల్లి అంటే మంచంలో ఉండే నల్లి కాదు, దానికి ఆరు కాళ్లే, అది వేరే లెక్క. మిరపలో ఆకు కిందికి ముడుచుకుపోతే తెల్లనల్లి వచ్చిందంటాం చూడండి, వంగలో, బెండలో ఎర్రనల్లి అంటాం చూడండి, ఆ నల్లి. అవి పంట రసం పీల్చే నల్లులు. ఆరుద్ర పురుగు పంటను ముట్టదు. పిల్లగా ఉన్నప్పుడు మిడతలకూ, ఇతర పురుగులకూ అతుక్కుని వాటి రసం తాగి బతుకుతుంది. అప్పుడు దానికి ఆరు కాళ్లే ఉంటాయి, ఎదిగాక ఎనిమిదవుతాయి. పెద్దయ్యాక చెదలనూ, పురుగుల గుడ్లనూ తింటుంది. తొలకరికి ఉసిళ్లు లేచే రోజుల్లోనే ఇది కూడా పైకి రావడానికి కారణం అదే. కూడు దొరుకుతుంది, జత దొరుకుతుంది, గుడ్లు పెట్టడానికి తడి మట్టి దొరుకుతుంది. ఆ కొద్ది రోజుల పని చూసుకుని మళ్లీ నేలలోకి పోతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం మన కాళ్ల కిందే ఉంటుంది, మనకు కనపడదు.

ఇప్పుడు అసలు సంగతి. కంటికి కనపడే ఈ ఒక్కదాని వెనక కంటికి ఆననివి లెక్కలేనన్ని ఉన్నాయి. ఆవగింజలో పావు వంతు కూడా ఉండవు. గట్టి పెంకుతో నున్నటి మిరియపు గింజల్లా ఉండేవి కొన్ని. ఇవి రాలిన ఆకునూ, కుళ్లే వేళ్లనూ, వాటి మీద పట్టిన బూజునూ కొరికి తింటాయి. మెత్తగా, చురుగ్గా పరుగెత్తేవి ఇంకొన్ని. ఇవి వేటాడి తింటాయి. అడవిలో చెత్త పేరుకున్న మట్టిలో చదరపు మీటరుకు వేలల్లో కాదు, పదుల వేలల్లో ఉంటాయి. ఏటా దున్నే భూమిలో అంతకంటే బాగా తక్కువ. మనం వేసిన పెంట దానంతటదే ఎరువు కాదు. దాన్ని ముక్కలు చేసేవి, ఆ ముక్కల మీద బూజును పెంచేవి, ఆ బూజును మేసి అందులోని నత్రజనిని మళ్లీ మట్టిలో వదిలేవి ఉండాలి. బస్తాలో వచ్చే యూరియాకు బిల్లు ఉంది కాబట్టి దాని విలువ మనకు తెలుసు. వీటి పనికి బిల్లు రాదు.

ఈ చిన్న నల్లులకు రెండు బలహీనతలున్నాయి. ఒకటి, ఒంట్లో తడి తొందరగా ఆరిపోతుంది. ఒళ్లు ఎంత చిన్నదైతే ఆరిపోవడం అంత త్వరగా జరుగుతుంది. కళ్లంలో ఆరబోసిన సన్నకాయ లావుకాయ కంటే ముందు ఎండినట్టే. రెండోది, వానపాములాగా ఇవి నేలను తొలుచుకుని పోలేవు. వేరు కుళ్లి మిగిలిన సందు, వానపాము వదిలిన బొక్క, చీమ చేసిన దారి, నెర్రె, ఏది దొరికితే అందులోంచి పైకీ కిందికీ పోతాయి. ఎండ పెరిగితే కిందికి దిగుతాయి, తడి పడితే పైకి వస్తాయి. ఏడాది పొడవునా వాటి బతుకు ఈ ఎక్కడం దిగడమే.

ఈ ఎక్కడం దిగడాన్ని ప్రపంచంలో బాగా గమనించిన చోట్లలో పీట్ నేలలు ఒకటి. ఆ మాట మనకు కొత్త. ఐరోపా ఉత్తరాన, కెనడాలో, రష్యాలో చలి దేశాల్లో నీరు నిలిచే పల్లపు నేలలుంటాయి. అక్కడ ఒక రకం నాచు పెరుగుతుంది. నీళ్లలో గాలి ఆడదు, చలి ఎక్కువ, పులుపు ఎక్కువ. అందుకని చచ్చిన నాచు పూర్తిగా కుళ్లదు. పొర మీద పొర పడుతూ సగం కుళ్లిన చెత్తే నేలవుతుంది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందంటారు. మనిషి లోతు పీట్ అంటే వెయ్యేళ్లు దాటిన చెత్త కుప్ప అనుకోండి. భూగోళం మీద నేలలో వీటి వాటా 3 శాతమే, కానీ ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో కంటే ఎక్కువ బొగ్గుపులుసు సరుకు, అంటే కర్బనం, వీటిలో దాగి ఉంది. మన రైజోబియం ప్యాకెట్లలో నల్లటి పొడి ఉంటుంది కదా, మేలు చేసే సూక్ష్మజీవుల్ని పట్టి ఉంచడానికి చాలా దేశాల్లో వాడేది ఈ పీట్ పొడే. మన దేశంలో పీట్ తక్కువ కాబట్టి ఎక్కువగా లిగ్నైట్ పొడి కలుపుతారు.

ఆ నాచు నేలల్లో నల్లులు పై కొన్ని అంగుళాల్లోనే బతుకుతాయి. కింద నీళ్లు, గాలి లేదు. చలికాలం పైన మంచు పడుతుంది. మంచు పడితే చస్తాయనుకుంటాం. కానీ దట్టమైన మంచు దుప్పటి కింద నేల అంతగా గడ్డకట్టదు. మంచు పడకుండా ఉత్త చలి కాస్తేనే వాటికి కష్టం. వసంతంలో మంచు కరిగి నీరు పైదాకా వస్తే నాచు కొసలకు ఎక్కుతాయి. ఎండాకాలం నీటిమట్టం దిగితే తడి వెంబడి అవీ దిగుతాయి. నీళ్లలోనే ఉండగలిగే రకాలు, తడి నాచులో ఉండేవి, కొంచెం పొడిబారితే చేరేవి, ఇలా ఒక్కోదానికి ఒక్కో అంతస్తు. ఎండాకాలం ఒక్క ఏడు మరీ ఎండితే తడి రకాలు తగ్గినా మళ్లీ పుంజుకుంటాయి. ఏళ్ల తరబడి నీటిమట్టం కిందనే ఉండిపోతే ఆ రకాలు పోయి మెట్ట రకాలు వచ్చి కూర్చుంటాయి. వాటి పెంకులు వేల ఏళ్లు పీట్‌లో చెడకుండా ఉంటాయి కాబట్టి, ఏ పొరలో ఏ రకం పెంకు దొరికిందో చూసి ఏ కాలంలో తడి, ఏ కాలంలో కరువు అని శాస్త్రవేత్తలు చెబుతారు. మన గ్రామాల్లో కరణం దస్తరం లాంటిదన్న మాట. మన కరణం దస్తరం కంటే నమ్మదగింది కూడా!

నవ్వారు, సంతోషం. కానీ పీట్ కథలో రైతు కథ కూడా ఉంది, అది నవ్వేది కాదు. ఇండోనేషియాలో చలి లేదు, అక్కడ పీట్ అడవి చిత్తడిలో పెరిగింది. 1990ల మధ్యలో సుహార్తో ప్రభుత్వం సెంట్రల్ కాలిమంతన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలం చేస్తామని బయలుదేరింది. వేల కిలోమీటర్ల కాలువలు తవ్వి నీరు బయటికి తోడింది. వేరే దీవుల నుంచి పేద రైతుల్ని తెచ్చి అక్కడ దింపింది. పీట్ ఎండింది, కుంగింది, వరి పండలేదు. 1997లో ఎల్ నినో కరువు వచ్చేసరికి ఆ ఎండిన నేలే నెలల తరబడి కాలింది. నేల కాలడమంటే మాట వరసకు కాదు, మట్టే కట్టెలా కాలింది. పథకం ఆపేశారు. దింపిన రైతుల్ని అడిగి మొదలుపెట్టలేదు, అడిగి ఆపలేదు. దగ్గర్లో చూడాలంటే కేరళ కుట్టనాడులో కరి నేలలున్నాయి. సముద్ర మట్టం కంటే కింద ఉన్న నల్లటి పీట్ మట్టి అది. అక్కడి రైతులు నీరు తోడి వరి వేస్తారు. మరీ ఎండనిస్తే లోపలి గంధకం ఆమ్లమై పైరును చంపుతుందని వాళ్లకు తెలుసు. ఎప్పుడు తోడాలో, ఎప్పుడు నీరు పెట్టాలో పాడశేఖరం మొత్తం కలిసి నిర్ణయించుకుంటారు.

మన నేల పీట్ కాదు. చల్కా, దుబ్బ, నల్లరేగడి. వాటిలో చెత్త నిలవ ఉండదు. పీట్‌లో చెత్త ఎక్కువై కుళ్లదు, మన దగ్గర ఎండ ఎక్కువై ఉన్నది కూడా మిగలదు. అందుకే మన నల్లులకు కాలం ఇంకా కఠినం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, నేల మాట చెప్పాలా! నీడలేని చేలో మిట్టమధ్యాహ్నం పై మట్టి 50 డిగ్రీలు దాటుతుంది. జానెడు కిందికి పోతే అంత వేడి లేదు. బతకదలచిన ప్రాణి ఆ జానెడు దిగాలి. దిగాలంటే దారి ఉండాలి. రోటవేటర్‌తో పై నాలుగంగుళాలు పిండి చేసి, దాని కింద ట్రాక్టర్ చక్రాలతో గట్టి పలక పరిచిన నేలలో దారి ఎక్కడిది?

దాని మీద ఇప్పుడు నిప్పు. యాసంగి వరి కోత మిషన్‌తో కోశాక మిగిలిన కొయ్యకాళ్లు, పత్తి తీశాక మిగిలిన కట్టె. కూలి పెట్టి పీకించలేక, మిషన్ దొరక్క రైతు అగ్గిపుల్ల గీస్తున్నాడు. ఢిల్లీ చుట్టూ రైతు కాలిస్తే పొగ ఢిల్లీకి పోతుంది కాబట్టి కేసులు పెడతారు. మన దగ్గర కాలిస్తే ఎవరికీ పట్టదు. రెండు తీర్లూ తప్పే. కొయ్యకాళ్లు కోసి ముక్కలు చేసే యంత్రం మండలానికి నాలుగు పెట్టి, అద్దె రైతుకు అందేలా చేస్తే అగ్గిపెట్టె అవసరం ఎవరికి ఉంటుంది?

ఇక వాన. కార్తెలు సూర్యుడి లెక్క, అవి తప్పవు. వాన తప్పుతోంది. ఆరుద్ర పురుగు పంచాంగం చూసి రాదు, తడి చూసి వస్తుంది. 2023 ఒక్క సంవత్సరం తీసుకోండి. తొలకరి ఆలస్యమైంది, జూన్ మూడో వారం దాకా ఆకాశం చూశాం. జూలై ఆఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆగస్టులో దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. ఎండ, ముంపు, మళ్లీ ఎండ, అన్నీ ఒక్క వానకాలంలోనే. 2025లో అందుకు తలకిందులు, మే 24నే రుతుపవనాలు కేరళను తాకాయి, మనకు రోహిణిలోనే చినుకులు పడ్డాయి. ముందు వాన పడి తర్వాత పదిహేను రోజులు ఎండ కాస్తే మన పత్తి గింజ ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. మొలిచి మాడిపోతుంది. తడిని నమ్మి పైకి వచ్చిన ప్రాణికి కూడా అదే గతి. మనం రెండోసారి గింజ కొనుక్కుంటాం, అప్పు చేసి. దానికి ఆ వసతి లేదు.

ముంపు మాట వేరు. నల్లుల ఒంటి మీద మైనపు పూత లాంటిది ఉంటుంది, నీరు అంటదు. చాలా రకాలు కొన్ని రోజులు మునిగి కూడా బతుకుతాయి. వరదతో పై మట్టి కొట్టుకుపోతేనే వాటి ఇల్లు పోయేది. గట్టు ఉన్న చేను, గట్టు మీద గడ్డి, చెట్టు ఉన్న చేను అందులో మేలు. గట్టే వాటి చుట్టపిల్లు. చేను ఎండినా, కాలినా, మందు పడినా గట్టులో మిగిలినవే మళ్లీ చేలోకి వస్తాయి. ఇప్పుడు గట్లు కూడా కలిపి దున్నుతున్నారు, మిగిలిన గట్టుకు గడ్డి మందు కొడుతున్నారు.

మిరప రైతులు బాగా వినాల్సింది ఒకటుంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూతంతా రాల్చేసింది. ఎకరానికి లక్షలు పెట్టిన కౌలు రైతులు చేలు దున్నేశారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆ తామర పురుగు పూలో తిని, కోశస్థ దశకు మట్టిలోకి దిగుతుంది. మనం మందు కొట్టేది పైన, అది ఉండేది కింద. మట్టిలో వేటాడే నల్లులు ఆ దశలో దొరికిన తామర పురుగు కోశాల్ని తింటాయి. విదేశాల్లో గ్రీన్‌హౌస్ రైతులు అలాంటి నల్లుల్ని డబ్బాల్లో కొని మట్టిలో చల్లుకుంటున్నారు. అవి ఉంటే ఆ గత్తర వచ్చేదే కాదని మేం అనడం లేదు, అంత తేలిక కాదు. మన చేలో ఉచితంగా ఉండాల్సిన కాపలాను మనమే డబ్బు పెట్టి చంపుతున్నామా అని మాత్రం అడుగుతున్నాం. గుళికలు మట్టిలో వేస్తే మంచి నల్లి, చెడ్డ నల్లి అని చూడవు. ఫోరేట్ గుళికల్ని 2020 డిసెంబర్ 31తో నిలిపేయాలని కేంద్రం 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. గడువు దాటాక కూడా పాత సరుకంటూ బిల్లు లేకుండా అంటగట్టిన దుకాణదారులు ఉన్నారు. బిల్లు అడగండి. ఈ మాట సంఘం వంద సార్లు చెప్పింది, నూటొకటోసారి చెబుతున్నాం.

ఇప్పుడు కౌలు. మొదట్లో చెప్పిన జవాబు ఇదే. పెంకు నల్లులు నిదానపు ప్రాణులు. దోమలా వారానికొక తరం కాదు, వాటిలో చాలా రకాలకు గుడ్డు నుంచి పెద్దవడానికే నెలలు పడుతుంది, చలి దేశాల్లో ఏళ్లు పడుతుంది. పెట్టే గుడ్లు కొద్ది. అంటే చెడిన నేల ఒక్క పంటకాలంలో కోలుకోదు. పెంట వేసి, చెరువు మట్టి తోలి, చెత్త కాల్చకుండా మూడు నాలుగేళ్లు వరసగా చూసుకుంటే కోలుకుంటుంది. మరి కౌలు ఎన్నాళ్లు? నోటి మాట మీద ఒక్క ఏడు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన సాగుదారుల చట్టం కింద ఇచ్చే కార్డు కూడా ఏడాదికే, అదీ ఎంతమందికి అందిందో మీకు తెలుసు. వచ్చే ఏడు ఈ చేను ఎవరి చేతికి పోతుందో తెలియని మనిషి ట్రాక్టరు పెంట ఎందుకు తోలిస్తాడు? పక్క రైతు ఎక్కువ కౌలు ఇస్తానంటే ఆ పెంట వాడి పంటకు పోతుంది. నేల ఆరోగ్యం మీద ఎన్ని సదస్సులు పెట్టినా కౌలు భద్రత ఊసెత్తకపోతే అది గాలిలో మాట. అందుకే ఇది సంఘం మాట్లాడాల్సిన విషయం.

భూసార పరీక్ష కార్డు సంగతీ చెప్పుకోవాలి. 2015లో మొదలైంది. అందులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. బాగానే ఉంది. ప్రాణం ఉన్నదొక్కటీ అందులో లేదు. ప్రతి రైతు చేలో నల్లుల్ని లెక్కపెట్టమని మేం అడగడం లేదు, అది అయ్యే పని కాదు. మండలానికి రెండు మూడు చేలు ఎంచి, కార్తె కార్తెకూ మట్టి తీసి, నేలలో జీవం ఏ కాలంలో ఎంత, ఏ సాగులో ఎంత అని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పదేళ్లు వరసగా రాసిపెట్టాలి. పీట్ నేలలున్న దేశాలు ఆ పని చేసుకున్నాయి కాబట్టే నీటిమట్టం ఎంత దిగితే ఏం పోతుందో చెప్పగలుగుతున్నాయి. మన రేగడికీ, చల్కాకూ అలాంటి లెక్క కావాలి.

అందాకా మనం ఊరుకోనక్కర్లేదు. సంఘం కార్యాలయంలో మొన్న మూడు సీసాలతో చూశాం. రెండు లీటర్ల నీళ్ల సీసాను సగానికి కోసి, మూతి భాగాన్ని తలకిందులు చేసి గరాటులా పెట్టాలి. అందులో దోమతెర ముక్క, దాని మీద రెండు దోసిళ్ల మట్టి. పైన జానెడు ఎత్తున 40 వాట్ల బల్బు. కింద గ్లాసులో కాస్త స్పిరిట్. పాత తీగ బల్బే కావాలి, ఎల్ఈడీ పెడితే అది వేడెక్కదు, నల్లులు హాయిగా నిద్రపోతాయి. బల్బు వేడికి పై మట్టి ఎండుతుంటే అవి తడి వెతుక్కుంటూ కిందికి దిగి గ్లాసులో పడతాయి. రోహిణి కార్తెను సీసాలో పెట్టినట్టే. ఇటలీ శాస్త్రవేత్త బెర్లెసె 1905లో కనిపెట్టిన పద్ధతికి ఇది పల్లెటూరి రూపం. నాలుగు రోజులకు కానుగ చెట్టు కింది గట్టు మట్టి గ్లాసులో భూతద్దం పెట్టి చూస్తే లెక్క తప్పేటన్ని ఉన్నాయి. పెంట తోలిన మిరప చేను మట్టిలో కొన్ని. కొయ్యకాళ్లు కాల్చిన మడి మట్టిలో వెతుక్కోవాల్సి వచ్చింది. మూడు సీసాలతో సిద్ధాంతం చెప్పకూడదు, చెప్పడం లేదు. చూసిన పిల్లలు మాత్రం రెండు రోజులు భూతద్దం వదల్లేదు.

ఆరుద్ర కార్తె మొదటి ఆదివారం గ్రామ శాఖల వాళ్లు సీసాలతో మళ్లీ కూర్చుంటున్నాం. వచ్చేవాళ్లు తలా రెండు రకాల మట్టి తీసుకురండి, ఒకటి చేలోది, ఒకటి గట్టుది. పైన ఉన్న చెత్తతో సహా నాలుగంగుళాల లోతు వరకు పారతో గడ్డలాగే తీయండి, పిసకొద్దు. ప్లాస్టిక్ కవరులో బిగించొద్దు, తడి గుడ్డలో చుట్టి నీడన పెట్టి తెండి. ఏ పంట, ఏం మందు కొట్టారు, గుళికలు వేశారా, కాల్చారా, సొంతమా కౌలా అని ఒక చీటీ రాసి పెట్టండి. ఆరుద్ర పురుగులు కనపడితే ఎక్కడ కనపడ్డాయో కూడా రాయండి. నూనె తీస్తామని తిరిగే వాళ్లకు ఏరి అమ్మకండి, ఏడాదికొకసారి గుడ్లు పెట్టడానికి వచ్చేవి అవి. బల్బులు సంఘం తెస్తుంది. తీగ బల్బులు ఇప్పుడు పట్నంలో కూడా తేలిగ్గా దొరకడం లేదు, మీ ఇంట్లో పాతవి మూలన పడి ఉంటే తప్పక తెండి.